లోతు కొసన ఆల్డెన్ లిబ్బీ

ఆల్డెన్ లిబ్బీ ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. ఆ ఎత్తే అతని కొంప ముంచింది.

మామూలుగా ఎత్తు వల్ల అతనికి లాభాలే ఎక్కువ. మెయిన్ రాష్ట్రంలో వబాసెట్ సరస్సు ఒడ్డున ఉన్న మగపిల్లల వేసవి క్యాంపుకి కాపలాదారు అతనే, వడ్రంగి అతనే, నీటి గొట్టాల మేస్త్రీ అతనే. నిచ్చెన లేకుండానే చూరు బూజు దులిపేవాడు. ఊళ్ళోవాళ్ళు ఎదురైతే "ఏం ఆల్డెన్, పైన వాన మొదలైందా?" అని పలకరించేవాళ్ళు. అతను ఆకాశం కేసి చూసి, నిజంగానే జవాబు చెప్పేవాడు.

క్యాంపు పుట్టిననాటికి అతనికి పదేళ్ళు. 1922 వసంతంలో న్యూయార్క్ నుంచి జెల్లర్ అనే బడిపంతులు రైలు దిగి వచ్చి, ఆల్డెన్ తండ్రి దగ్గర రాళ్ళు తప్ప మరేమీ మొలవని బీడు కొన్నాడు. "ఇందులో ఏం పండిస్తారండీ?" అని ఆల్డెన్ తండ్రి అనుమానంగా అడిగితే, "పిల్లల్ని" అన్నాడట పంతులు. ఆ రాత్రి భోజనాల దగ్గర తండ్రి పెళ్ళాంతో, "పట్నం వాళ్ళకి మతి పోయిందే. రెండు నెలలపాటు పిల్లల్ని తెచ్చి మన దోమలకి మేపుతారట, దానికి వాళ్ళ అమ్మానాన్నలు ఎదురు డబ్బిస్తారట" అన్నాడు.

మొదటి ఏడు పదకొండు గుడారాలు, ముప్పై మంది పిల్లలు. తర్వాత గుడారాలు పోయి పైన్ చెక్కల ఇళ్ళు వచ్చాయి. ఒక తుపానుకి భోజనశాల కప్పు లేచిపోయి అవతలి ఒడ్డున ఎవరి పశువుల దొడ్డి మీదో కూర్చుంది. యుద్ధం రోజుల్లో కాలేజీ కుర్రాళ్ళు దొరక్క పెద్ద జెల్లర్ తనే ఈల ఊదుకుంటూ మూడు ఆటలు ఒకేసారి ఆడించాడు. ఆయన పోయాక కొడుకు మిల్ట్ వచ్చాడు. ఈ ముప్పై ఆరేళ్ళూ మారనిది ఒక్క ఆల్డెనే. అతని పెళ్ళాం థెల్మా వచ్చి వంటశాల పట్టుకున్నాక, క్యాంపు ఆకలి ఆమెది, క్యాంపు చిల్లులు అతనివి అయ్యాయి.

ఇంతకీ చెప్పవలసిన సంగతి ఏమిటంటే, ఆల్డెన్‌కి ఈత రాదు.

ఆ ఊళ్ళో చాలామందికి రాదు. సరస్సంటే వాళ్ళకి చలికాలం మంచు కోసి అమ్ముకునే పొలం, వేసవిలో చేపలు పట్టుకునే పెరడు. అందులోకి సగం బట్టలతో దిగి కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం పట్నం జనం పని. "ఈతొస్తే ఏమవుతుందిరా? మునిగేవాడు ఇంకో గంట ఆలస్యంగా మునుగుతాడు. ఆ గంటసేపు చలికి వణకడం దేనికి?" అనేవాడు ఆల్డెన్ తండ్రి. కొడుకు ఆ మాట నమ్మాడు. మే నెలలో మోకాటి బూట్లేసుకుని నీళ్ళలోకి చొచ్చుకుపోయే రేవు చెక్కలు దింపేవాడు, పడవ నడిపేవాడు. నడుం దాకా నీళ్ళంటే అతనికి లెక్కలేదు. నడుం దాటి చన్నీళ్ళు పొట్టకి తగిలాయా, ఊపిరి గొంతులో మేకు కొట్టినట్టు ఆగిపోయేది.

ఇరవయ్యేళ్ళప్పుడైతే నవ్వుతూ చెప్పేసేవాడేమో. అప్పుడెవరూ అడగలేదు. చెరువు గట్టున పుట్టినవాణ్ణి నీకు ఈత వచ్చునా అని ఎవరడుగుతారు? నలభై ఆరేళ్ళు వచ్చాక, ఆ మాట తనంతట తను చెప్పే దారి అతనికి కనిపించలేదు.

క్యాంపులో పదకొండేళ్ళుగా ఒక కట్టుబాటు ఉంది. రేవు మొదట్లో ఒక పెద్ద పలక, దాని మీద తొంభై ఆరు మేకులు, ఒక్కో మేకుకి ఒక్కో చెక్క బిళ్ళ. ఒక్కో పిల్లవాడికి ఒక్కో అంకె. బిళ్ళకి ఒకవైపు తెల్లరంగు, ఒకవైపు ఎర్రరంగు. రేవు మీద కాలు పెట్టేముందు పిల్లవాడు తన బిళ్ళని ఎర్రవైపు తిప్పాలి, ఒడ్డుకొచ్చాక తెల్లవైపు తిప్పాలి. పలక దగ్గర కూర్చునేవాడు కళ్ళూ మనసూ అక్కడే ఉంచగలవాడై ఉండాలి. ఆ పని ఆల్డెన్‌ది. అందరూ ఒడ్డుకొచ్చాక కూడా ఒక బిళ్ళ ఎర్రగా మిగిలిందంటే, ఒక్కసారి లెక్క చూసి, పక్కనున్న చేతి బూర పిడి తిప్పాలి. అది పాత బూర, పొగమంచులో పడవల్ని హెచ్చరించడానికి వాడేది. దాని అరుపు కొండకి తగిలి తిరిగొచ్చేది.

బూర మోగితే క్యాంపులో పెద్దవాళ్ళంతా ఎక్కడి పని అక్కడ వదిలి నీళ్ళలోకి దిగాలి. ఒడ్డు నుంచి లోతుకి వరసగా నిలబడి, చేతులు పెనవేసుకుని, అడుగు మీద అడుగు ఈడుస్తూ నేలంతా కాళ్ళతో తడుముకుంటూ నడవాలి. పొట్టివాళ్ళు ఒడ్డు వైపు, పొడుగువాళ్ళు లోతు వైపు. అందరికన్నా పొడుగువాడు లోతు కొసన.

ఈ వరసని ఏడాదికి రెండుసార్లు ముందుగా చెప్పి సాధన చేయించేవాళ్ళు. పదకొండేళ్ళుగా సరిగ్గా ఆ రెండు రోజుల్లోనూ నీటి పంపు చెడిపోయేది, ఆల్డెన్ దాని దగ్గరే ఉండిపోయేవాడు. "ఈ పంపుకి పంచాంగం తెలుసేమోనయ్యా!" అని మిల్ట్ ఆశ్చర్యపోయేవాడు.

సంగతి తెలిసింది థెల్మాకొక్కదానికే. "చెప్పెయ్యరాదూ? మిల్ట్ ఏమన్నా కరుస్తాడా?" అనేది.

"నవ్వుతాడు."

"నవ్వితే ఆయన పళ్ళు కనిపిస్తాయి. నీదేం పోయింది?"

"చెప్తాలే, వచ్చే ఏడు."

"ఆ వచ్చే ఏడుకి కూడా నీలాగే ఈత రాదనుకుంటా. ఎప్పుడూ ఇవతలి ఒడ్డుకి రాదు."

1958 జూలైలో ఒక మంగళవారం. పదకొండు గంటలకి ఈత ముగిసింది. రాస్ అనే కాలేజీ కుర్రాడు ఈతకి పెద్ద, ఈల ఊదాడు. పిల్లలు బాతుల మందలా ఒడ్డెక్కి, పలక మీద పడి బిళ్ళలు తిప్పి, తువ్వాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు విసురుకుంటూ ఇళ్ళ వైపు పరుగెత్తారు. ఆల్డెన్ పలక చూశాడు. అంతా తెలుపు. మూడో వరసలో ఒక్కటి ఎరుపు. నలభై ఒకటి.

నలభై ఒకటి ఎవరో అతనికి తెలుసు. మార్విన్ గెల్బ్. తొమ్మిదేళ్ళు, న్యూయార్క్‌లోని బ్రాంక్స్ నుంచి వారం కిందటే వచ్చాడు. వెదురుబద్దల్లాంటి కాళ్ళు, చెవులకి దారంతో కట్టుకున్న కళ్ళద్దాలు. నిన్న సాయంత్రం రేవు దగ్గర ఆగి, "అంకుల్, అక్కడ లోతెంత ఉంటుంది?" అని కొస వైపు చూపించి అడిగాడు. ఆల్డెన్ హాస్యంగా, "అడుగు దాకా వెళ్ళినవాడెవడూ తిరిగొచ్చి చెప్పలేదు బాబూ" అన్నాడు. పిల్లవాడు నవ్వలేదు. తల ఊపి వెళ్ళిపోయాడు.

ఆ మాట ఇప్పుడు ఆల్డెన్‌కి గుర్తొచ్చింది.

నీళ్ళు చూశాడు. అద్దంలా ఉన్నాయి. బుడగ లేదు, అల లేదు. తూనీగ ఒకటి నీటిని తాకి లేచింది. బూర పిడి మీద చెయ్యి వేశాడు. వేసి, మళ్ళీ లెక్కపెట్టాడు. నలభై ఒకటి ఎరుపే. పొరపాటు పడితే అనవసరంగా అందర్నీ హడలగొట్టినట్టవుతుంది కదా అని మూడోసారి మొదటి వరస నుంచి మొదలుపెట్టాడు. అంకెలు చదువుతున్నది నోరు. కళ్ళు మాత్రం రేవు కొసనున్న ఆఖరి గుంజ మీదే ఉన్నాయి. అక్కడ నిలబడితే నీళ్ళు తన గడ్డం దాకా వస్తాయి. ఎవరైనా వచ్చి, ఏం కాలేదు, వాడు ఇక్కడే ఉన్నాడు అని చెబితే బాగుండునని చెవులు రిక్కించాడు. ఎవరూ రాలేదు.

"ఏంటి ఆల్డెన్ అంకుల్, ముహూర్తం చూస్తున్నారా?" అన్నాడు రాస్ తల తుడుచుకుంటూ వచ్చి. పలక చూశాడు. తువ్వాలు చేతిలోంచి జారిపోయింది.

అప్పుడు బూర మోగింది.

ఆ తర్వాత క్యాంపులో మాటలు లేవు, పరుగులే. పిల్లల్ని ఇళ్ళ ముందు నిలబెట్టి లెక్కపెట్టారు. మూడో ఇంటి పిల్లల్ని చూసుకునే కుర్రాడు పాలిపోయి అరిచాడు: "గెల్బ్ లేడు! పొద్దున డాక్టరమ్మ దగ్గరికి వెళ్తానన్నాడు!" డాక్టరమ్మ అప్పటికే పరుగెత్తుకొస్తూ, "నా దగ్గరికి రానే లేదు!" అంది. మిల్ట్ జెల్లర్ చొక్కా, బూట్లతోనే నీళ్ళలోకి దూకాడు. థెల్మా మోచేతుల దాకా పిండితో వచ్చి ఒడ్డు కొసన నిలబడింది.

"ఆల్డెన్! నీ చోటు!" అని కేక వేశాడు మిల్ట్.

ఆల్డెన్ దిగాడు. చీలమండ. మోకాలు. నడుము. అక్కడ ఒక్క క్షణం ఆగి థెల్మా వైపు చూశాడు. ఆమె అతన్నే చూస్తోంది. పొట్ట. ఛాతీ. ఊపిరి ఆగింది, మళ్ళీ ముక్కలు ముక్కలుగా వచ్చింది. గడ్డం. ఎడమ చెయ్యి రాస్ చేతిలో పెనవేసుకుని ఉంది. కుడివైపు ఎవరూ లేరు. కుడివైపు సరస్సు.

"కదలండి!" అన్నాడు రాస్.

వరస కదిలింది. అడుగు ఈడ్చడం, ఆగడం, కాలితో గుండ్రంగా తడమడం. ఇరవై మంది ఊపిరి నీటి మీద వినిపిస్తోంది. ప్రతి రాయీ ఆల్డెన్‌కి తలలా తగిలింది. ప్రతి నాచు తీగా వేళ్ళలా చుట్టుకుంది. దేవుడా, నా కాలికి తగలనీకు, అనుకున్నాడు. వెంటనే, నా కాలికే తగలనీ, త్వరగా తగలనీ, అనుకున్నాడు. రెండూ నిజమే. రెండు నిమిషాలు, అనుకున్నాడు. రెండు నిమిషాలు లెక్కపెడుతూ కూర్చున్నాను.

పదకొండో అడుగులో కాలికి గుడ్డ తగిలింది.

మెత్తగా, బరువుగా, కదలకుండా ఉంది.

రాస్‌ని పిలవాలి. రాస్ చేపలాంటివాడు, ఒక్క మునకలో తెస్తాడు. ఆల్డెన్ నోరు తెరిచాడు. మాట బదులు నీళ్ళు లోపలికి వెళ్ళాయి. ఇక ఆలోచించలేదు. చెయ్యి విడిపించుకుని మోకాళ్ళు మడిచాడు. మిగతా పని నీళ్ళే చేశాయి.

లోపల గోధుమరంగు చీకటి. చెవుల్లో తన గుండె ఎవరో తలుపు బాదుతున్నట్టు. కళ్ళు తెరిచాడు, ఏమీ కనిపించలేదు. చేతులు గుడ్డని పట్టుకున్నాయి. మెడ కోసం, భుజం కోసం వెతికాయి. మెడ లేదు. భుజం లేదు. ఉన్ని. ఉన్ని లోపల రాళ్ళు.

రాస్ అతన్ని నడుం పటకా పట్టి పైకి లాగాడు. ఆల్డెన్ దగ్గుతూ, వాంతి చేసుకుంటూ, రెండు చేతులతో ఒక బూడిదరంగు కంబళి మూటని ఛాతీకి హత్తుకుని తేలాడు. ఒడ్డున ఎవరో కెవ్వుమన్నారు.

క్యాంపుకి పంపే ప్రతి గుడ్డకీ తల్లులు పేరు పట్టీ కుట్టి పంపాలని నియమం. మూట మూలన పట్టీ ఆల్డెన్ ముక్కుకి జానెడు దూరంలో ఉంది. ఎం. గెల్బ్.

అతను తల ఎత్తాడు. గడ్డం దాకా నీళ్ళలో ఉన్నవాడికి లోకం వేరే ఎత్తు నుంచి కనిపిస్తుంది. ఒడ్డు మీద, రెల్లు పక్కన బోర్లించిన పడవల కింద, పైన నిలబడ్డ ఎవరి కంటికీ ఆనని సందులో, రెండు వెదురుబద్దల కాళ్ళు కనిపించాయి. ఆ పైన కళ్ళద్దాలు మెరిశాయి. పిల్లవాడు రెండు చేతులతో నోరు నొక్కుకుని, తన చావుని వెతుకుతున్న జనాన్ని చూస్తున్నాడు.

"ఉన్నాడు!" అని అరిచాడు ఆల్డెన్. "ఒడ్డున ఉన్నాడు! పడవల కింద! బతికే ఉన్నాడు!"

అరుస్తూనే అతనికి సంగతంతా అర్థమైపోయింది. ముప్పై ఆరేళ్ళు క్యాంపులో పిల్లలు రాత్రి తడిపిన పరుపులు ఎండబెట్టినవాడికి, తొమ్మిదేళ్ళవాడు పొద్దున్నే కంబళిని రాళ్ళు కట్టి ఎందుకు ముంచుతాడో వేరే చెప్పనక్కరలేదు. పాపం, ఆ దొంగపనిలో కూడా వాడు కట్టుబాటు తప్పలేదు. రేవెక్కే ముందు బిళ్ళ ఎర్రవైపు తిప్పాడు. మూట జారవిడిచి తిరిగేసరికి ఈతకొచ్చే పిల్లల గుంపు ఎదురైంది. పక్కనుంచి నీళ్ళలోకి జారి రెల్లులో పడి దాక్కున్నాడు. బిళ్ళ అలాగే ఉండిపోయింది.

మిల్ట్ పిల్లవాణ్ణి పడవల కింద నుంచి లాగి గట్టిగా హత్తుకున్నాడు. ఆ తర్వాత కోపం వచ్చింది.

"ఏరా, బిళ్ళ ఎందుకు ఎర్రగా ఉంది? ఆ మూటేంటి?"

పిల్లవాడు నోరు తెరిచాడు. చుట్టూ తొంభై ఐదుమంది పిల్లలు. వాడి ముఖం చూస్తే, నీళ్ళ కిందే ఉండిపోయినా బాగుండేదనుకుంటున్నట్టుంది.

"మూట నాది," అన్నాడు ఆల్డెన్ నీళ్ళు కారుతూ ఒడ్డెక్కి. పేరు పట్టీ అప్పటికే అతని పిడికిట్లో ఉంది. ఎప్పుడు పీకాడో అతనికే తెలియదు. "రేవు గొలుసు రాళ్ళకి ఒరుసుకుపోతోందని పాత కంబళి కట్టి వేశాను."

"మరి బిళ్ళ?"

"పొద్దున పలక తుడిచాను. నేనే తిప్పి ఉంటాను."

"నువ్వే తిప్పి ఉంటావా?" అన్నాడు మిల్ట్ నెమ్మదిగా. తర్వాత నెమ్మదిగా అనలేదు. "ఇంకాసేపుంటే వీడి అమ్మకి ఫోన్ చేసేవాణ్ణి! ఏమని చెప్పేవాణ్ణి? మా ఆల్డెన్ దుమ్ము దులిపాడమ్మా అని చెప్పనా? ముప్పై ఆరేళ్ళ అనుభవం, నువ్వూ, నీ తుడవడమూ!"

"ఇంకా నయం, నన్ను తుడవలేదు," అని వెనకనుంచి ఎవరో పిల్లవాడు అన్నాడు. భయం విడిచిన నవ్వు గుంపంతా పాకింది. ఆల్డెన్ తల దించుకుని నిలబడ్డాడు. తిట్లు హాయిగానే ఉన్నాయి. అసలు పడవలసిన తిట్లు అవి కావు.

మధ్యాహ్నం పంపు గది వెనక తడి లాగు పిండుకుంటుంటే మార్విన్ వచ్చాడు.

"థెల్మా ఆంటీ నాకు ఇంకో కంబళి ఇచ్చింది," అన్నాడు. "ఏమీ అడగలేదు."

"ఆవిడ అడగదు. పొద్దున్నే తెచ్చి వంటశాల వెనక పడెయ్యి, చాలు. నీ ముందు చాలామంది పడేశారు. వాళ్ళలో ఒకడు ఇప్పుడు జడ్జి."

పిల్లవాడు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "అంకుల్, మీరు నా కోసమే మునిగారు కదా. నేను నిజంగా అక్కడ ఉండి ఉంటే... టైముకి దొరికేవాణ్ణా?"

ఆల్డెన్ పిండుతున్న లాగు పక్కన పెట్టాడు. పిల్లవాడి తల మీద చెయ్యి వేశాడు.

అటు నుంచి అటే మిల్ట్ గదికి వెళ్ళాడు. తలుపు దగ్గర అలవాటుగా తల వంచాడు. లోపలికి వెళ్ళాక కూడా ఎత్తలేదు.

"మిల్ట్, ఇవాళ నేను పలక మూడుసార్లు లెక్కపెట్టాను."

"సర్లేవయ్యా, పొద్దున కాస్త గట్టిగా అరిచాను. జాగ్రత్త మంచిదే..."

"జాగ్రత్త కాదు. భయం. నాకు ఈత రాదు."

మిల్ట్ పెద్దగా నవ్వాడు. పళ్ళు నిజంగానే కనిపించాయి. అంతలో నవ్వు ఆగిపోయింది. "మూడుసార్లంటే... ఎంతసేపు?"

"రెండు నిమిషాలు. బూర తిప్పితే నేను దిగాలి కదా, అందుకని."

మిల్ట్ ముఖంలో రక్తం లేదు. కిటికీలోంచి సరస్సు కేసి చూస్తూ, ఆ రెండు నిమిషాలనీ నీటి కింద ఒక పిల్లవాడికి ఒక్కో క్షణంగా పంచుతున్నట్టు పెదవులు కదిపాడు.

"అయితే ఆ పంపు?" అన్నాడు.

"బంగారంలాంటి పంపు. ఏనాడూ చెడిపోలేదు."

"ముప్పై ఆరేళ్ళ బట్టి నువ్వూ నేనూ..." మిల్ట్ కుర్చీలో కూలబడ్డాడు. "ఒక్క మాట చెప్పి ఉంటే నిన్ను ఒడ్డున నిలబెట్టేవాణ్ణి కదయ్యా!"

"ఒడ్డున నిలబడితే నవ్వుతారని."

"నవ్వుతారు. నవ్వనీ."

"బూర ఇంకెవరికైనా ఇచ్చెయ్యి మిల్ట్. పిల్లల దగ్గర నేను తగను."

మిల్ట్ బల్ల మీద పెన్సిలు అటూ ఇటూ దొర్లించాడు. "ఇవ్వను," అన్నాడు. "ఇంకెవరికిచ్చినా నాలుగేళ్ళలో ఏమరుపాటు వస్తుంది. ఇవాళ నీళ్ళ కింద నువ్వు చేతులతో వెతికింది నీకు ఈ జన్మలో మరుపు రాదు. బూర నీదే. చోటు మాత్రం మారుస్తున్నాను."

ఆగస్టు సాధనకి పంపు చెడిపోలేదు. వరస కట్టారు. లోతు కొసన రాస్. ఒడ్డు కొసన, చీలమండల దాకా నీళ్ళలో, థెల్మా పక్కన ఆరడుగుల నాలుగంగుళాల ఆల్డెన్. ఇసుక మీద తొంభై ఐదుమంది పొట్టలు పట్టుకుని నవ్వారు. "కొంగ! కొంగ!" అన్నాడొకడు. ఆ పేరు స్థిరపడింది. నవ్వనివాడు మార్విన్ ఒక్కడే.

"పాదాలు తడిశాయి, జలుబు చేస్తుందేమో చూసుకో," అంది థెల్మా చెవిలో.

"ఊరుకో," అన్నాడు ఆల్డెన్. చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళు మాత్రం లోతు వైపే ఉన్నాయి. అక్కడ గడ్డం దాకా నీళ్ళలో ఉన్నది తనే అయినట్టు, ఊపిరి ముక్కలు ముక్కలుగా వస్తోంది.

ఆ తర్వాత పంతొమ్మిది వేసవులు అతను అక్కడే నిలబడ్డాడు. ఈత నేర్చుకోలేదు. చాలామంది నేర్పుతామన్నారు, నడుం దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. కానీ ఎర్రబిళ్ళ ఒక్కటి కనిపిస్తే, ఒక్క లెక్క, అంతే, బూర మోగేది. తొమ్మిదిసార్లు మోగింది. తొమ్మిదిసార్లూ వట్టిదే. ఒకడు మరుగుదొడ్లో బొమ్మల పుస్తకం చదువుకుంటున్నాడు, ఒకడు బ్లూబెర్రీ పొదల్లో పొట్ట నింపుకుంటున్నాడు, ఒకడు తన బిళ్ళ బదులు తమ్ముడి బిళ్ళ తిప్పాడు. ప్రతిసారీ అందరూ బట్టలతో తడిసి ముద్దయ్యేవాళ్ళు. ప్రతిసారీ చీలమండల దాకా నీళ్ళలో ఆల్డెన్ అడుగు మీద అడుగు ఈడ్చేవాడు.

తొమ్మిదోసారి, తప్పిపోయినవాడు పడవలో నిద్రపోతూ దొరికాక, ఆ ఏటి ఈత కుర్రాడు చొక్కా పిండుకుంటూ విసుక్కున్నాడు. "కాస్త ఆగి చూడకూడదా ఆల్డెన్ అంకుల్? మీ చెయ్యి ఊరుకోదా?"

"ఊరుకోదు బాబూ," అన్నాడు ఆల్డెన్. "ఒకసారి ఊరుకుంది."

కుర్రాడికి అర్థం కాలేదు. ఆల్డెన్ వంగి, తడిసిన లాగు అంచులు పిండుకుని, బూరలో నూనె చుక్క వేయడానికి వెళ్ళాడు.